చంద్రుడి మీద నారింజ రంగు మట్టి ఎలా వచ్చింది?

1972 డిసెంబరులో అపోలో 17లో చంద్రుడి మీద దిగిన హారిసన్ ష్మిట్ భూగర్భ శాస్త్రవేత్త. షార్టీ అనే గొయ్యి అంచున ఆయన బూటు తగిలి బూడిద రంగు దుమ్ము చెదిరింది. కింద చూస్తే నారింజ రంగు మట్టి! భూమికి తెచ్చి మైక్రోస్కోపు కింద పెడితే అవి గాజుపూసలని తేలింది. చాలావరకు వెంట్రుక మందం కూడా లేనివి.

సుమారు 350 కోట్ల ఏళ్ల క్రితం చంద్రుడి లోపలి శిలాద్రవం పైకి ఎగజిమ్మింది. తుంపరలు నేల తాకేలోపే గట్టిపడ్డాయి. నిదానంగా చల్లారి ఉంటే పరమాణువులు వరసగా కుదురుకుని స్ఫటికాలయ్యేవి. అంత వ్యవధి ఏదీ? కుర్చీలాటలో పాట ఆగినట్టు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అదే గాజు. నారింజ రంగు టైటానియం వల్ల వచ్చింది.

భూమి మీద ఇంత పాత గాజు మిగలడం బహు అరుదు. నీళ్లు తగిలి, కాలం గడిచేకొద్దీ అది బంకమన్నుగా మారిపోతుంది.

అసలు అద్భుతం 2008లో బయటపడింది. శాస్త్రవేత్త ఆల్బెర్టో సాల్ బృందం ఇలాంటి పూసల్లో నీటి జాడ పట్టుకుంది. అపోలో 15 తెచ్చిన ఒక ఆకుపచ్చ పూసను పరీక్షిస్తే, అంచులో కన్నా నడిమధ్యలో నీరు ఎక్కువగా ఉంది. బయటి నుంచి చేరిన తడే అయితే అంచులోనే ఎక్కువ ఉండాలి కదా! అంటే ఆ నీరు శిలాద్రవంతో పాటు చంద్రుడి కడుపులోంచే వచ్చింది.