సెకనుకు 7,000 ఎంబీ అని మురిసిపోకండి.. ముందు మీ ల్యాప్‌టాప్‌లో స్లాట్ ఏంటో చూడండి

బీటెక్ సెకండియర్‌లో కొన్న ల్యాప్‌టాప్‌తోనే జాబ్‌లో చేరిపోయి, కొండాపూర్ పీజీలో కూర్చుని అది ఆన్ అయ్యేలోపు టీ తాగేసి వచ్చే వాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. మొన్నటిదాకా మా రూమ్మేట్ కూడా అంతే. సేల్‌లో ఒక జెన్ 4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఆర్డర్ పెట్టాడు. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా బిగించాం. కానీ బయోస్‌లో డ్రైవే కనిపించలేదు! తీరా చూస్తే అది సాటా మాత్రమే సపోర్ట్ చేసే ఎం.2 స్లాట్. ప్యాకెట్ చింపేశాం కాబట్టి రిటర్న్ కూడా తీసుకోలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. లోపల డేటా సాటా దారిలో వెళ్తుందా, పీసీఐఈ దారిలో వెళ్తుందా అనేది వేరే సంగతి. స్లాట్‌ని చూసి చెప్పడం కష్టం. ల్యాప్‌టాప్ అడుగున ఉండే పూర్తి మోడల్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ మాన్యువల్ వెతకండి, అందులో స్పష్టంగా ఉంటుంది. పొడవు కూడా అక్కడే చూసుకోండి. ఎక్కువగా దొరికేది 2280, అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు. కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో 2242 లేదా 2230 మాత్రమే పడుతుంది.

ఇక స్పీడ్ విషయం. సాటా డ్రైవ్ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. జెన్ 3 ఎన్‌వీఎంఈ 3,500 దాకా, జెన్ 4 అయితే 7,000 దాకా వెళ్తాయి. వినడానికి బాగుంది కదా? కానీ ఇవన్నీ ఒకే పెద్ద ఫైల్‌ని వరుసగా చదివినప్పటి లెక్కలు. విండోస్ బూట్ అయ్యేటప్పుడు, ఐడీఈ తెరిచినప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి. ఆ పనిలో పాత హార్డ్‌డిస్క్ సెకనుకు 1 ఎంబీ కూడా దాటదు. సాటా ఎస్‌ఎస్‌డీ 30, 40 ఎంబీ ఇస్తుంది, మంచి ఎన్‌వీఎంఈ 60, 80 దాకా. అంటే అసలు తేడా అంతా హార్డ్‌డిస్క్ నుంచి బయటపడటంలోనే ఉంది. మీ దగ్గర సాటా స్లాటే ఉంటే బాధపడాల్సిన పనేం లేదు. జెన్ 3 స్లాట్‌లో జెన్ 4 డ్రైవ్ పెట్టినా పనిచేస్తుంది, కాకపోతే జెన్ 3 స్పీడే వస్తుంది.

నన్నడిగితే ఆ డబ్బులు టీఎల్‌సీ డ్రైవ్ మీద పెట్టండి. చవగ్గా వచ్చే క్యూఎల్‌సీ డ్రైవ్‌లలో క్యాష్ నిండేదాకా బానే ఉంటుంది, తర్వాత పెద్ద కాపీల్లో రైట్ స్పీడ్ హార్డ్‌డిస్క్ స్థాయికి పడిపోవచ్చు. డాకర్ ఇమేజ్‌లు, ఎమ్యులేటర్లు, వీడియో ఎడిటింగ్ ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. వట్టి బ్రౌజింగ్, సినిమాలే అయితే క్యూఎల్‌సీ చాలు. త్వరగా చచ్చిపోతుందేమో అనే భయం మాత్రం వద్దు. క్రూషియల్ పీ3 1 టీబీకి కంపెనీ చెప్పే రైట్ లిమిట్ 220 టీబీ. రోజుకి 40 జీబీ రాసినా అది దాటడానికి 15 ఏళ్లు పడుతుంది. డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్580లో అదే సైజుకి 600 టీబీ.

చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగండి, అక్కడినుంచి పార్క్‌లేన్‌లోని సీటీసీ దగ్గరే. ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్లండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

విప్పే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి బిట్‌లాకర్ రికవరీ కీ ఫొటో తీసి పెట్టుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే అసలు ముట్టుకోవద్దు, ఐటీ వాళ్లకే చెప్పండి. క్లోన్ చేశాక పాత డ్రైవ్‌ని వెంటనే ఫార్మాట్ చేయకండి, రెండు వారాలు అలాగే పక్కన పెట్టండి.