పాత కారు నేర్పు సరళరేఖా పాఠము

యంత్రమును విప్పుట సులభము. తిరిగి కూర్చుట కష్టము. ఈ మాట గడియారమున కెంత నిజమో కారునకును అంతే నిజము. అర్ధశతాబ్ది నాటి కారును ముచ్చటపడి బాగుచేయబూనిన వారందరు ఏదో యొకనాడు ఈ సత్యమును ఎదుర్కొనక తప్పదు. తుప్పు గీకి, చిల్లులు పడినచోట క్రొత్త రేకులు అతికి, రంగు వేసి, నిగనిగలాడు భాగములను ఒక్కొక్కటిగా బిగించుచు వత్తురు. తుదకు స్టీరింగు దండము వంతు వచ్చును. ఏండ్ల తరబడి ఆ చోటనే ఉండిన దండమే అది. ఐనను ఇప్పుడు అందులో ఇమడదు. క్రింది కొన కలిసినచో పై బోల్టు రంధ్రము తప్పును. పై బోల్టు ఎక్కినచో క్రింది కొన కలియదు. తేడా అంగుళములో నాలుగవ వంతైనను ఉండదు. ఆ క్షణమున మనుష్యుని చేయి సుత్తి వైపు సాగును. ప్రమాదము ఆ సుత్తిలోనే పొంచియున్నది.

స్టీరింగు దండము చేయు పని మిక్కిలి చిన్నది. నడుపువాని చేతిలోని చక్రము ఎంత తిరిగినదో, ఆ తిరుగుటను క్రిందనున్న పండ్ల యంత్రమునకు అది అందించును. ఈ పని చక్కగా సాగవలెనన్న దండము తిన్నగా ఉండవలెను. రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోవునని బడిపిల్లలందరికిని తెలిసినదే. మూడవ బిందువు ఆ రేఖపై ఉండవచ్చును, ఉండకపోవచ్చును. పెక్కు పాత కార్లలో దండమునకు ఆధారములు మూడు: క్రింద పండ్ల యంత్రము, నడుమ ఇంజనుకును కూర్చొను చోటుకును మధ్యనున్న రేకుగోడ, పైన మీటర్ల పలక క్రింది బిగింపు. రేఖ తప్పిన మూడవ చోట బోల్టు బలవంతముగా బిగించినచో బోల్టు గెలుచును, రేఖ వంగును.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1962 నుండి 1980 వరకు తయారైన ఎమ్.జి.బి. కారు ఇందులకు మంచి నిదర్శనము. 5 లక్షలకు పైగా తయారైన ఈ చిన్న కారును నేటికిని ఎందరో విప్పి కూర్చుచున్నారు. అందులో దండపు క్రింది కొనను, పండ్ల యంత్రపు పినియన్ కొనను ఒక యూనివర్సల్ జాయింటు కలుపును. జాయింటు ఉన్నది గదా, కొంచెము తేడా ఉన్నను అదియే సర్దుకొనునని పలువురు భ్రమపడుదురు. ఆ జాయింటు కోణమును సహించును గాని ఎడమును సహింపదు. రెండు రేఖలు ఒక బిందువున ఖండించుకొన్నంతవరకు, వాని నడుమ కోణమున్నను పని సాగును. ఒకదాని ప్రక్కనుండి మరొకటి తప్పుకొని పోయినచో, చక్రము త్రిప్పిన ప్రతిసారియు జాయింటు దండమును ప్రక్కకు గుంజుచుండును. బేరింగులు అరుగును. లోహము అలసిపోవును. అలసిన లోహము విరుగు దినమును ముందుగా చెప్పదు.

మరి, తేడా ఎచ్చట పుట్టినది? ఆ కారులో పండ్ల యంత్రము ముందరి అడ్డదూలముపై కూర్చుండును. ఆ దూలమునకును కారు ఒడలికిని నడుమ రబ్బరు ప్యాడ్లు కలవు. పాతవి ఏండ్ల బరువుకు అణగి పలుచనగును. క్రొత్తవి వేయగా దూలము కొంచెము క్రిందికి జరుగును. దానితో పండ్ల యంత్రమును జరుగును. కలియనిది దండపు కొన. కారణము ఎచ్చటనో యున్న రబ్బరు ముక్క! అతికిన రేకు, ఎన్నడో తగిలిన దెబ్బకు వంగిన దూలము కూడ ఇట్టి కారణములే.

కావున నేర్పరియైన పనివాడు మొదట ఏ బోల్టును పూర్తిగా బిగింపడు. అన్నింటిని వ్రేళ్ళతో ఎక్కించి వదులుగా ఉంచును. పిమ్మట జాయింటును తీసివేసి, దండమును విడిగా, పండ్ల యంత్రమును విడిగా త్రిప్పి చూచును. రెండును తేలికగా తిరిగినచో దోషము వానిలో లేదు, వాని కలయికలో ఉన్నది. అప్పుడు రెండు కొనలకును మొనగల కొలత పరికరములు తగిలించి, ఆ మొనలు ఒకదానితో నొకటి కలియునట్లు దండమును జరుపును. యంత్రపు బిగింపు క్రింద సందు మిగిలినచో, దానిని కొలిచి అంతే మందముగల వాషర్లను పెట్టును. ఆ తరువాతనే జాయింటును ఎక్కించి, ఒక్కొక్క బోల్టును బిగించుచు, బిగించినప్పుడెల్ల చక్రమును త్రిప్పి చూచును. ఏ బోల్టుతో చక్రము బరువెక్కినదో ఆ బోల్టే దోషమున్న చోటును చూపును.

జాయింటును బిగించు బోల్టు పినియన్ కొనపైనున్న గాడిలో కూర్చుండవలెను. బోల్టు దూరలేదన్న, జాయింటు పూర్తిగా దిగలేదని అర్థము. అట్టిచోట ఆకురాయితో బోల్టును అరుగదీయుట, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. 1968 జనవరి 1 నుండి అమెరికాలో అమలునకు వచ్చిన భద్రతా నియమముల వలన, కారు గుద్దుకొన్నప్పుడు కుదించుకొనిపోవు దండములు వ్యాప్తిలోనికి వచ్చినవి. అట్టి కొన్నింటిలో ప్లాస్టిక్ చీలలుండును. గట్టి దెబ్బకు తెగుటకే అవి ఉన్నవి. సుత్తి దెబ్బకును తెగును.

భారతదేశమున 2021లో వచ్చిన నియమములు, 50 ఏండ్లు దాటి మూలరూపమున నిలిచిన స్వంత కార్లకు వింటేజి వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినవి. ప్రదర్శనకైనను, ఇంధనము కొఱకైనను అవి రోడ్డెక్కును. దండము పట్టియున్న కారు మలుపు తిరిగిన పిదప తనంత తాను తిన్నబడదు. మలుపు ఆవల బడి విడిచిన పిల్లలు రోడ్డు దాటుచుండవచ్చును. కారు శాలలో పావు అంగుళపు తప్పు రోడ్డు మీద ఎంత యగునో ఎవ్వరు చెప్పగలరు?

ముందు చక్రములను నేలనుండి పైకెత్తి, రెండు వ్రేళ్ళతో స్టీరింగును ఈ కొసనుండి ఆ కొస వరకు త్రిప్పి చూచుట తుది పరీక్ష. అంతటను సమముగా తిరిగినచో పని ముగిసినది. ఎచ్చటనైన పట్టినచో బోల్టులన్నియు మరల వదులు చేయవలసినదే. లెక్క తప్పిన విద్యార్థి జవాబును చెరిపి సరియైన అంకె వేసినంతమాత్రమున లెక్క సరికాదు. తప్పిన మెట్టును వెదకి వెనుకకు పోవలెను. తప్పు కనబడిన చోటనే పుట్టియుండవలెనను నియమము లెక్కలోను లేదు, యంత్రములోను లేదు.