మెంఫిస్ చెత్తబండి కార్మికులు అడిగినది

1968 ఫిబ్రవరి 1వ తేదీన, అమెరికా దక్షిణ భాగమున టెనెసీ రాష్ట్రమునందలి మెంఫిస్ నగరమున జోరున వాన కురియుచుండగా, నగరపాలక సంస్థవారి చెత్తబండిపై పనిచేయు నల్లజాతి కూలీలు ఇరువురు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనువారు, తలదాచుకొనుటకు వేఱొక తావు లేక ఆ బండి వెనుకభాగముననే, చెత్తను అణచు యంత్రము చెంతకు చేరిరి. యంత్రము ఉన్నట్టుండి కదలి వారిని నలిపివైచెను. ఆ పాత బండ్లు ప్రాణాపాయకరములని కార్మికులు అంతకుమున్నే మొఱపెట్టుకొనియుండిరి, ఆలకించినవారు లేరు. గంటల లెక్కన కూలికి కుదిరినవారగుటచే వారి కుటుంబములకు చట్టరీత్యా నష్టపరిహారము లభింపలేదు. ఉత్తరక్రియలకై కొంత సొమ్మును, ఒక నెల జీతమును ఇచ్చి నగరము చేతులు దులుపుకొనెను.

ఈ మరణములను దైవికముగా వాటిల్లిన ప్రమాదమని తలంచి ఊరకుండుటకు నా మనస్సు సమ్మతింపదు. ఏలయన, ఆనాడు ఆ నగరమున చెత్త యెత్తువారు ఇంచుమించుగా అందఱును నల్లవారు. వారిపై అజమాయిషీ చేయువారు తెల్లవారు. వాన పేరు చెప్పి నల్లవారిని కొద్దిగంటల కూలితో ఇంటికి సాగనంపి, తెల్లవారికి మాత్రము దినమంతటి జీతము నిచ్చుట అక్కడ కద్దు. చిల్లులుపడిన తొట్టెలను నెత్తిన మోయుచుండగా మురుగునీరు ఒంటిపై కారుచుండ, దినమెల్ల చాకిరి చేసియు సంసారము గడవక, ప్రభుత్వమువారు బీదలకిచ్చు సహాయమునకై చేయిచాచిన కుటుంబములు వారిలో అనేకములు. అప్పటికే 1964 నాటి పౌరహక్కుల చట్టమును, 1965 నాటి ఓటుహక్కు చట్టమును అమలులోనికి వచ్చియుండెను. హోటలులో తెల్లవాని సరసన కూర్చుండు హక్కు ఆ కార్మికునకు దక్కినది. అచట భోజనమునకు చెల్లింపదగిన రొక్కము మాత్రము వాని చేతికి అందలేదు.

ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పని మానివేసిరి. సమ్మె చట్టవిరుద్ధమనియు, కార్మికుల సంఘమును గుర్తింపననియు మేయరు హెన్రీ లోబ్ భీష్మించెను. ఊరేగుచున్నవారి కన్నులలో పోలీసులు మంట పుట్టించు ద్రవమును చిమ్మిరి. పిమ్మట ఆ కార్మికులు తాము మనుష్యులమని చాటు పలకలను మెడలయందు ధరించి, తుపాకులు పట్టిన సైనికుల నడుమ వరుసలు తీరి నడచిరి. వారికి అండగా నిలిచిన మతాచార్యుడు జేమ్స్ లాసన్ 1950ల నాటి యౌవనమున మన నాగపురమున కొన్నేండ్లు నివసించి, గాంధీమహాత్ముని సత్యాగ్రహ మార్గమును శ్రద్ధతో అధ్యయనము చేసినవాడు. మార్టిన్ లూథర్ కింగును మెంఫిస్‌నకు రావించినవాడును ఆయనయే.

కింగు పేరు వినగానే మనవారికి 1963 నాటి వాషింగ్టన్ సభయు, ఆయన కన్న కలయు స్ఫురించును. ఆ కింగును పూజించుట సులభము. 1965 ఆగస్టున ఓటుహక్కు చట్టముపై సంతకమైన వారము తిరుగకమునుపే లాస్ ఏంజిలిస్ నగరపు వాట్స్ పేటలో అల్లరులు చెలరేగి 34 మంది మరణించుటను, మరుసటి యేడు షికాగోలో ఇండ్లకొఱకు సాగించిన ఉద్యమమున ఉత్తరాది తెల్లవారి ద్వేషమును కన్నులార చూచి, అన్యాయము దక్షిణాదివారి దుర్బుద్ధియందుకంటె దేశపు ఆర్థిక నిర్మాణమునందే వేళ్లు పాతుకొనియున్నదని గ్రహించిన కింగు వేఱు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్కునందలి రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధమును ఖండించుచు, జాతిద్వేషమును, ధనలోభమును, యుద్ధోన్మాదమును ఒండొంటితో పెనవేసికొన్నవిగా చూపి, ఆ దేశము తన విలువలనే విప్లవాత్మకముగా మార్చుకొనవలెనని ఆయన కోరెను. పేరుమోసిన పత్రికలు సైతము ఆయనను తూలనాడెను. హింసను ఆయన ఏనాడును అంగీకరింపలేదు; కాని పని చేయగలవానికి పని, చేయలేనివానికి జీవనాధారము, ప్రతి కుటుంబమునకు గూడు నిచ్చువఱకు సమానత్వమను మాట సార్థకము కాదని నిశ్చయించి, తెలుపు నలుపు భేదము లేక బీదలందఱిని రాజధానికి నడిపింప సంకల్పించెను. ఈ కింగును మఱచుటయే ఆయనకు మనము చేయుచున్న గొప్ప అపచారమని నా నమ్మకము.

ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. ఆసియావారిని దాదాపుగా దూరముంచిన వలస నియమములు 1965లో సడలినవన్న, అది ఆ పౌరహక్కుల పోరాటము తెచ్చిన గాలియే. ఆ తెఱచిన ద్వారముననే మన వైద్యులును ఇంజనీర్లును అమెరికాలో అడుగిడిరి.

రాజధానికి తలపెట్టిన ఆ బీదల యాత్రకు సన్నాహములు సాగుచుండగనే కింగు మెంఫిస్‌నకు వచ్చెను. మార్చి 28న ఆయన నడిపిన ఊరేగింపు చెదరిపోయి, పదునారేండ్ల నల్లజాతి బాలుడొకడు పోలీసు తుపాకికి బలియయ్యెను. శాంతియుతముగా మరల నడువవలెనని కింగు తిరిగివచ్చి, ఏప్రిల్ 4న లొరెయిన్ మోటెల్ వసారాలో తుపాకిగుండు తగిలి నేలకొరిగెను. నాలుగు దినములకు ఆయన భార్య కొరెట్టా వేలకొలది జనముతో ఆ వీథులలోనే మౌనముగా నడచెను.

ఏప్రిల్ 16న నగరము దిగివచ్చి సంఘమును గుర్తించి, కూలిని కొద్దిగా హెచ్చించెను. ఆ మాట నిలుపుకొనునట్లు చేయుటకు కొన్ని నెలలకే మరల సమ్మె చేయుదుమని బెదిరింపవలసివచ్చెను. నగరపు పింఛనునకు నోచుకొనని ఆనాటి సమ్మెకారులలో మిగిలియున్న కొద్దిమందిని ఆదుకొనుటకై మెంఫిస్ ప్రత్యేకముగా సొమ్ము కేటాయించినది 2017లో. ఎనుబదియేండ్లు పైబడియు ఇంకను చెత్తబండి నడుపుచున్నవాడును అప్పటికి వారిలో ఉండెను.