మంత్రం పనిచేసే లోకంలో ప్రార్థన ఎందుకు?

యవ్వనస్థుల కూటం ముగిశాక ఇంటర్మీడియెట్ చదివే ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి "అయ్యగారూ, ఒక డౌటు" అన్నాడు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాలు మూడూ సెలవుల్లో వరుసగా చూశాడట. "ఆ లోకంలో మంత్రశక్తి నిజంగానే ఉంది కదండీ! ముసలాయన కర్ర ఎత్తితే వెలుగొస్తుంది, ఉంగరం పెట్టుకుంటే మనిషి మాయమైపోతాడు. అంతా కళ్లముందే జరుగుతుంటే అక్కడివాళ్లకు దేవుడితో పనేముంటుంది? ప్రార్థనెందుకు చేస్తారు?" అని అడిగాడు. పక్కనే ఉన్న సంఘపెద్ద ఒకాయన "ముందు అలాంటి సినిమాలు చూడొద్దని చెప్పండి అయ్యగారూ" అని తేల్చేశారు. నాకు మాత్రం అది దాటవేయదగిన ప్రశ్న అనిపించలేదు. ఎందుకంటే మంత్రగాళ్లు ఏమీ చేయలేరని బైబిలు కూడా చెప్పదు.

ఫరో ఎదుట అహరోను కర్ర పడవేస్తే సర్పమైంది. ఐగుప్తు శకునగాండ్రు తమ కర్రలతో అదే చేసి చూపించారు. నీళ్లు రక్తమయ్యాయి, వాళ్లూ చేశారు. కప్పలొచ్చాయి, వాళ్లూ రప్పించారు. పేల దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేశారు (నిర్గమ 7, 8). ఒక సంగతి గమనించండి. కప్పలను ఇంకొన్ని రప్పించారు గాని, ఉన్నవాటిని పోగొట్టినట్టు ఎక్కడా లేదు. అవి తొలగిపోవాలంటే ఫరో మోషేనే బతిమాలుకోవాల్సి వచ్చింది! అంటే మా కుర్రాడు అడిగిన లోకం ఐగుప్తులో ఉంది. శక్తి కళ్లకు కనబడింది, దేవుని శక్తి గొప్పదని కూడా తేలింది. అయినా ఫరో హృదయం కఠినంగానే ఉండిపోయింది. కళ్లారా చూస్తే చాలు, అందరూ నమ్మేస్తారనేది మన భ్రమ.

మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' గుర్తుండే ఉంటుంది. అందులో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే దేవత వారి మాట వింటుంది. తోటరాముడి చేతిలో ఉంటే మేడ కట్టించి ఇస్తుంది. నేపాళ మాంత్రికుడి చేతికి చిక్కితే వాడి మాటమీద ఆ మేడనూ రాకుమారినీ ఎత్తుకుపోతుంది. మంచివాడా, చెడ్డవాడా అని అడగదు. ఆ కథలో దేవత ఉంది, పూజ ఉంది, బలి ఉంది. భక్తి మాత్రం ఉందా? దేవతను చేతిలో పట్టుకోగలిగినవాడికి మోకరించే అవసరమేముంది?

సమరయలో సీమోను పొరబడింది సరిగ్గా ఇక్కడే. గారడీతో పట్టణమంతటినీ విభ్రాంతిపరచినవాడు ఫిలిప్పు బోధ విని నమ్మాడు, బాప్తిస్మం పొందాడు. కానీ అపొస్తలులు చేతులుంచితే పరిశుద్ధాత్మ రావడం చూసి డబ్బు తీసి ముందు పెట్టాడు. ఆ ప్రతిమ ఖరీదెంత అన్నాడన్నమాట! (అపొ.కా. 8) ఎఫెసులో స్కెవ కుమారులు యేసు నామాన్ని మంత్రంలా వాడబోయి, దెబ్బలు తిని, దిగంబరులై పారిపోయారు. అప్పుడు అక్కడివారు తగలబెట్టిన మాంత్రిక పుస్తకాల వెల 50,000 వెండి రూకలు (అపొ.కా. 19). చేసిన పనులు ఒప్పుకోవడానికి ముందుకొచ్చినవారు విశ్వాసులే సుమా! నమ్మిన తర్వాత కూడా ఆ పుస్తకాలు ఇళ్లలో భద్రంగానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ సినిమాల సంగతి. కథ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు, నిష్ఠగల రోమన్ కేథలిక్. ఆయనతో మనకు సిద్ధాంత భేదాలుండవచ్చు గాని, కల్పిత లోకంలో భక్తి ఎలా ఉంటుందో ఆయన ఆలోచించిన తీరు తెలుసుకోదగింది. 1954, 55 సంవత్సరాల్లో వచ్చిన ఆ నవలలో గుళ్లూ పూజారులూ దాదాపు కనిపించరు. ఒకచోట సైనికులు భోజనానికి ముందు పడమటివైపు తిరిగి నిమిషంపాటు మౌనంగా నిలబడతారు. ఆయన మరణించాక అచ్చైన పుస్తకాల్లో ఆ లోకపు పాత చరిత్ర ఉంది. నూమెనోర్ అనే దీవిలో జనం ఏడాదికి మూడుసార్లు రాజు వెంట ఒక కొండెక్కేవారు. మన ఆడపడుచులు ఆదివారం తెల్లచీరలు కట్టినట్టే వాళ్లూ తెల్లబట్టలతో వెళ్లేవారు. శిఖరంమీద గుడి లేదు, పైకప్పు లేదు. సృష్టికర్తకు రాజు ప్రార్థన చేసేవాడు, మిగిలినవారు మౌనంగా ఉండేవారు. కొన్ని తరాలకు వాళ్లకు చావంటే భయం పట్టుకుంది. బందీగా వచ్చిన సౌరోన్ అనే దుష్టుడు రాజుకు సలహాదారుడై, బ్రహ్మాండమైన గోపురంతో గుడి కట్టించి, చావు తప్పాలంటే నరబలి ఇవ్వాలని నేర్పాడు. చివరకు దీవి సముద్రంలో మునిగిపోయింది. వట్టి కొండమీద వాళ్లు ఏమీ కొనుక్కోలేదు. ఆ గుడిలో మాత్రం బేరం ఉంది.

టోల్కీన్ స్నేహితుడు సి.ఎస్. లూయిస్ సంగతి నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తుంది. ఆయన తల్లి 1908లో కేన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. అమ్మ బాగుపడాలని ఆ పసివాడు ప్రార్థించాడు. 1955లో రాసిన ఆత్మకథలో ఆ ప్రార్థన గురించి ఆయన నిర్మొహమాటంగా ఒప్పుకున్నాడు. తాను ఆనాడు దేవుణ్ణి రక్షకుడిగా గాని న్యాయాధిపతిగా గాని తలచలేదనీ, అడిగిన పని చేసిపెట్టి వెళ్లిపోయే మాంత్రికుడిగా మాత్రమే అనుకున్నాననీ! చాలా ఏళ్లు నాస్తికుడిగా బతికి, 1931లో క్రీస్తును విశ్వసించాడు. దానికి ముందు ఒక రాత్రి టోల్కీన్, ఇంకొక మిత్రుడు ఆయనతో చాలాసేపు మాట్లాడారు.

ఆత్మకథ వచ్చిన ఏడాదే 'నార్నియా' కథల్లో ఒకటి, 'ద మెజీషియన్స్ నెఫ్యూ', వచ్చింది. అందులో డిగొరీ అనే పిల్లవాడి తల్లి మంచం పట్టి ఉంటుంది. అస్లాన్ అనే సింహం అతణ్ణి ఒక తోటకు పంపి, ఒక పండు తెమ్మంటుంది. ఆ పండు దొంగిలించి అమ్మకు పెట్టమని మంత్రగత్తె అతని చెవిలో నూరిపోస్తుంది. పిల్లవాడు బాధపడుతూనే పండు తెచ్చి సింహానికి అప్పగిస్తాడు. దొంగిలించిన పండు కూడా ఆమెను బాగుచేసేదేననీ, కానీ దానివల్ల ఆ ఇంటికి సంతోషం మాత్రం కలిగేది కాదనీ అస్లాన్ చెబుతాడు. అంతకుముందే ఒక చోట పిల్లవాడు తలెత్తి చూస్తే సింహం కళ్లలో తనకన్నా పెద్ద కన్నీళ్లు! లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11). ప్రతిమ ఏడవదు.

ఆ కుర్రాడికి నేను ఇదంతా అరగంటసేపు చెప్పాను. కానీ చెబుతున్నంతసేపూ నా మనసు వేరేచోట ఉంది. సేవలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక ఇంట్లో నాలుగేళ్ల పాప మెదడువాపుతో ఆస్పత్రిలో ఉంటే, మూడు రోజులు ఉపవాసముండి యేసు నామంలో అడగండి, తప్పక బాగవుతుంది అని ఆ తల్లిదండ్రులకు మాట ఇచ్చాను. ప్రార్థించిన నూనె సీసా కూడా నేనే ఇచ్చాను. ప్రభువు గెత్సేమనేలో తండ్రి చిత్తానికి తన్ను తాను అప్పగించుకున్న సంగతి సెమినరీలో పరీక్షకు రాసినవాణ్ణే! పాప దక్కలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆ తండ్రి నన్ను పక్కకు పిలిచి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మేం ప్రార్థనలో ఎక్కడ తప్పు చెప్పామంటారు?" అని అడిగాడు.

మంత్రం పనిచేయకపోతే ఉచ్చారణలో తప్పు వెతుకుతారు. ఆయనకు ఆ లోకం నేర్పింది నేనే. అప్పుడు ఏదో ఒక వాక్యం చెప్పి ఓదార్చి వచ్చేశాను గాని, తప్పు మీది కాదు, నాది అని మాత్రం అనలేకపోయాను.

ఆయన ఇప్పటికీ మా సంఘంలోనే ఉన్నారు. తలంతా నెరిసిపోయింది. ప్రార్థన చేయమంటే లేచి నిలబడతారు గాని, పెదవి విప్పరు. కుర్రాడు వెళ్లిపోయాక చర్చికి తాళం వేసి, ఆ సాయంత్రమే వాళ్లింటికి నడిచాను.