బంగారు తీగ వేటకు వారం రోజులు

2016లో రెండు ప్రభుత్వాలు ఒకే చేప మీద డబ్బు పెట్టాయి. తెలంగాణలో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు పంచే పథకం ఆ ఏడాదే మొదలైంది. వదిలిన పిల్లల్లో బొచ్చె, రోహు, మోసులతో పాటు బంగారు తీగ కూడా ఉంది. అదే ఏడాది ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం తన నదుల్లో బంగారు తీగ పీడ వదిలించుకునే దారి వెతకమని కోటీ యాభై లక్షల డాలర్లు కేటాయించింది. ఇంగ్లండు, ఫ్రాన్సులలో నడిచే తంతు మరొకటి. అక్కడ చెరువు గట్టున ఖరీదైన చెక్క ఇంట్లో వారం రోజులకు దిగి, రాత్రింబవళ్ళు కాపు కాసి, దొరికిన బంగారు తీగను తూచి, ఫొటో దిగి, గాలం దిగినచోట మందు రాసి మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. తినరు, అమ్మరు. ఆ ముచ్చటకే సెలవూ, జీతమూ ఖర్చు పెడతారు.

సిడ్నీ వాయవ్యాన రౌస్ హిల్, బాక్స్ హిల్, స్కోఫీల్డ్స్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. బడి సెలవుల్లో అలాంటి వారం ఒకటి గడపాలని ఉంటే దూరదేశం పోనక్కర్లేదు. బ్లూ మౌంటెన్స్ దాటి, బాథర్స్ట్, కౌరా మీదుగా నాలుగు గంటలకు పైగా కారు నడిపితే వయాంగలా జలాశయం వస్తుంది. లాక్లన్ నది మీద 1935లో కట్టి, 1971లో పెంచిన ఆనకట్ట ఇది. నిండితే 1,217 గిగాలీటర్లు, అంటే మన లెక్కలో 43 టీఎంసీలు. హైదరాబాదు ఉస్మాన్‌సాగర్ లాంటివి పది ఇందులో పట్టేస్తాయి. ఒడ్డున క్యాబిన్లున్నాయి. వచ్చేవాళ్ళలో చాలామంది మనసు ముర్రే కాడ్, గోల్డెన్ పెర్చ్ అనే స్థానిక చేపల మీద ఉంటుంది కానీ, కొత్తగా గాలం పట్టినవాళ్ళకు ముందు తగలగలిగేది బంగారు తీగే.

దాన్ని పట్టాలంటే అదెలా తింటుందో తెలియాలి. దీని దవడల్లో పళ్ళుండవు. మూతికి అటు రెండు, ఇటు రెండు మీసాలు ఉంటాయి, వాటినిండా రుచి మొగ్గలే. అడుగు బురదను మీసాలతో తడుముతూ పోయి, రుచి తగిలిన చోట మూతి ముందుకు సాచి, బురదా ఇసుకా పురుగులూ గింజలూ అన్నీ కలిపి ఒక్కసారిగా పీల్చేస్తుంది. ఏరుకోవడం ఆ తర్వాతి సంగతి. నోటి పైకప్పున మెత్తటి కండ ఒకటుంది. తినదగినది తగిలిన చోట ఆ కండ ఉబ్బి దాన్ని అదిమి పట్టేస్తుంది, పనికిరాని మట్టి మొప్పల సందుల్లోంచి బయటికి పోతుంది. చేటలో బియ్యం చెరిగి రాళ్ళు తీసే పనిని ఈ చేప నోట్లోనే కానిస్తుందన్నమాట. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఫెర్డినాండ్ సిబింగ్ అనే జీవశాస్త్రవేత్త 1980లలో, తింటున్న చేపను ఎక్స్‌రేతో చిత్రీకరించి ఈ వ్యవహారమంతా దశలవారీగా విడమరిచాడు.

పళ్ళు లేవన్నది దవడల మాట. గొంతులో ఉన్నాయి, గట్టివే. నత్త గుల్లలు, ధాన్యపు గింజలు అక్కడే పిండవుతాయి. ఇక ఈ చేపకు జీర్ణాశయమే లేదు, గొంతు దాటితే పేగే. ఒక్క పూట మెక్కి నిలవ చేసుకునే సంచి లేదు కాబట్టి కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలి, అంటే బురద కెలుకుతూనే ఉండాలి. వేటగాడికి వరమూ, జలాశయానికి శాపమూ ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

మామూలుగా మనం ఎరను కొక్కేనికి గుచ్చి వదులుతాం. బంగారు తీగ దాన్ని పీలుస్తుంది, లోపల ఇనుము తగలగానే తేడా గ్రహించి ఉమ్మేస్తుంది. బెండు ఒకసారి ఊగి ఊరుకుంటుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండులో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ దీనికో విరుగుడు కనిపెట్టారు. దాని పేరు హెయిర్ రిగ్. ఎరను కొక్కేనికి గుచ్చకుండా సన్నటి దారంతో దాని పక్కన వేలాడదీశారు, కొక్కేన్ని ఖాళీగా వదిలారు. ఎర నోట్లోకి సులువుగా పోతుంది, వెంట కొక్కెమూ పోతుంది. చేప ఉమ్మేసేటప్పుడు ఖాళీ కొక్కెం మొన కింది పెదవికి తగులుకుంటుంది. చేపను ఇన్నాళ్ళూ కాపాడిన ఉమ్మే అలవాటే దాన్ని పట్టిస్తుంది. గాలం చరిత్రలో ఇంత చవకైన, ఇంత తెలివైన మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ చేపకు జ్ఞాపకమూ ఉంది. జె. జె. బ్యూకెమా అనే డచ్చి పరిశోధకుడు 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకసారి గాలానికి చిక్కిన బంగారు తీగలు ఆ తర్వాత చాలాకాలం దాకా సులువుగా చిక్కలేదు. పట్టి వదిలేసే ఇంగ్లండు చెరువుల్లో సామాన్లు ఏటికేడు ఎందుకు ఖరీదవుతున్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అక్కడున్నవి పదే పదే పట్టుబడి రాటుదేలిన చేపలు, కొన్నింటికి పేర్లు కూడా ఉన్నాయి. రిచర్డ్ వాకర్ 1952 సెప్టెంబరు 13న రెడ్‌మైర్ చెరువులో పట్టిన 44 పౌన్ల బంగారు తీగను లండన్ జంతుప్రదర్శనశాలకు పంపారు, దానికి క్లారిసా అని పేరు పెట్టారు. ఆ దేశంలో బంగారు తీగ పిచ్చి ముదరడంలో దాని వంతు తక్కువేమీ కాదు. వయాంగలాలో ఇంత హంగామా అక్కర్లేదు. డబ్బా మొక్కజొన్న గింజలు నాలుగు, ఒక సీసపు గుండు చాలు.

నిశ్శబ్దం మాత్రం కావాలి. ఈ కుటుంబపు చేపల్లో గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య వరుసగా చిన్న ఎముకలుంటాయి. ఎర్న్‌స్ట్ హైన్రిష్ వెబర్ వాటిని 1820లో వర్ణించాడు. నీటిలోని కంపనానికి గాలితిత్తి అదిరితే ఆ ఎముకలు దాన్ని చెవికి అందిస్తాయి. కాబట్టి చాలా చేపలకు వినపడని చప్పుళ్ళు దీనికి వినపడతాయి. చెక్క వంతెన మీద పిల్లలు గెంతుతుంటే ఆ పూట వేట ముగిసినట్టే.

చలికాలంలో వెళ్ళి లాభం తక్కువ. నీళ్ళు చల్లబడితే దీని ఒళ్ళూ చల్లబడుతుంది, తిండి తగ్గుతుంది. అక్కడి వసంతం నుంచి శరత్తు దాకా, అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు మంచి అదను. ఎండాకాలంలో లోతైన జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి నీరు, అడుగున ఆక్సిజన్ తక్కువైన చల్లటి నీరు. అందుకే ఎంత దూరం విసిరితే అంత మంచిదనుకోవడం పొరపాటు. సాయంత్రం పూట, గాలి నీటిని నెట్టుకొచ్చే ఒడ్డున, లోతు తక్కువ మూలల్లో కూర్చోండి. వారం ఎందుకంటారా? మొదటి రెండు రోజులు ఒకేచోట గుప్పెడు గుప్పెడు గింజలు వేసి అలవాటు చేస్తే, మిగతా రోజులు చేపే వెతుక్కుంటూ వస్తుంది. బయల్దేరే ముందు నీలి ఆకుపచ్చ నాచు హెచ్చరిక ఉందేమో చూసుకోండి. రెడ్ అలర్ట్ ఉంటే ఆ నీటిని తాకకూడదు. న్యూ సౌత్ వేల్స్‌లో గాలం వేయడానికి రుసుము కట్టాలి, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు.

ఐరోపా, ఆసియాల నీళ్ళలో పుట్టిన ఈ చేప ఆస్ట్రేలియాకు రావడంలో రౌస్ హిల్ ఇరుగుపొరుగుకూ వాటా ఉంది. బ్లాక్‌టౌన్ దగ్గరి ప్రాస్పెక్ట్ జలాశయంలో 1907-10 మధ్య దీన్ని వదిలారు. ఆ వంశాన్ని నేటికీ ప్రాస్పెక్ట్ రకమనే అంటారు, అది పెద్దగా పాకలేదు. కొంప ముంచింది బూలారా రకం. విక్టోరియాలోని బూలారా అనే ఊళ్ళో చేపల ఫారం నుంచి 1960లలో బయటపడి, 1964లో మిల్డూరా దగ్గర ముర్రే నదికి చేరింది. 1974 వరదలు దాన్ని ఉపనదులకూ, వాగులకూ, మడుగులకూ మోసుకుపోయాయి.

వరద దీనికి ఎందుకంత కలిసొచ్చిందో మన చేపల రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. బొచ్చె, రోహులు పారే నీటిలో తప్ప గుడ్లు పెట్టవు, చెరువులో ఏళ్ళ తరబడి పెంచినా పెట్టవు. హీరాలాల్ చౌధురి బృందం 1957లో పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వాటిచేత గుడ్లు పెట్టించింది కాబట్టే కైకలూరు, ఆకివీడు, భీమవరాల చుట్టూ ఇన్నివేల ఎకరాల చేపల చెరువులు లేచాయి. బంగారు తీగకు ఏ సూదీ అక్కర్లేదు. నిలవ నీళ్ళు, నీళ్ళలో మునిగిన గడ్డి, కాస్త వెచ్చదనం ఉంటే చాలు. పెద్ద తల్లిచేప ఏడాదికి పది లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. వరదలో మునిగిన పచ్చిక మైదానం దానికి పురిటిగది. 2022 నవంబరులో వయాంగలా పొర్లి దిగువన ఫోర్బ్స్ పట్టణం మునిగినప్పుడు, మనుషులకు జరిగిన నష్టం పక్కన బంగారు తీగకు పండగ జరిగింది.

ఆస్ట్రేలియా మొత్తం మీద మామూలు ఏడాదిలో సుమారు 20 కోట్ల బంగారు తీగలు, రెండు లక్షల టన్నుల బరువు ఉంటాయనీ, వానలు దండిగా పడిన ఏడాదిలో ఆ లెక్క 35 కోట్లు దాటుతుందనీ శాస్త్రవేత్తల అంచనా. హెక్టారు నీటికి 80 నుంచి 100 కిలోలు మించితే జలాశయం దెబ్బతినడం మొదలవుతుంది. కెలికిన మట్టి నీటిలో తేలి వెలుగును ఆపేస్తుంది, అడుగు మొక్కలు చస్తాయి, మట్టిలోని భాస్వరం పైకి లేచి నాచుకు ఎరువవుతుంది. కంటితో చూసి వేటాడే స్థానిక చేపలకు ఆ మసకలో తిండి దొరకదు. గట్లు తవ్వేస్తుందని మన రైతులు ఈ చేప మీద చేసే ఫిర్యాదు కూడా ఈ కెలుకుడు గురించే.

ఈ పీడ వదిలించుకోవడానికి 2016లో కేటాయించిన ఆ కోటిన్నర డాలర్లు పెట్టి పరిశీలించింది ఒక హెర్పిస్ వైరస్‌ను. 1990ల చివర్లో ఇజ్రాయెల్, జర్మనీ ఫారాల్లో బయటపడిన ఈ వైరస్ బంగారు తీగలను చంపుతుంది. 1950లో కుందేళ్ళ మీద మిక్సోమా వైరస్‌ను వదిలిన దేశానికి ఈ ఆలోచన కొత్త కాదు. 2022లో బయటికొచ్చిన జాతీయ ప్రణాళిక మాత్రం, వదిలే ముందు ఇంకా పరిశోధన కావాలంది. ఈ తటపటాయింపు మంచిదే అంటాను. వేల టన్నుల చేప ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే నీటిలో ఆక్సిజన్ మిగలదు. ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో 2023 మార్చిలో మెనిండీ దగ్గర డార్లింగ్ నదిలో కోట్ల కొద్దీ చచ్చి తేలిన చేపలు చూపించాయి. వాటిలో ఎక్కువ భాగం స్థానిక చేపలే.

పూర్తిగా ఏరేసిన చోటు లేకపోలేదు. టాస్మానియాలోని లేక్ క్రెసెంట్‌లో 1995లో బంగారు తీగ కనిపిస్తే, చివరి చేపను తీసేసరికి 2007 వచ్చింది. కొన్ని మగచేపలకు రేడియో పరికరాలు అమర్చి వదిలి, అవి గుంపును చేరగానే వలలు వేసి, ఏడు వేలకు పైగా పట్టారు. ఒక్క సరస్సుకే పన్నెండేళ్ళు పట్టింది. వారం సెలవులో మీరు పట్టే పది చేపలతో వయాంగలా బాగుపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది సరదా, అంతే.

అయినా పట్టినదాన్ని తిరిగి వదలొద్దు. క్వీన్స్‌లాండ్‌లో వదలడం నేరం, న్యూ సౌత్ వేల్స్‌లోనూ వదలొద్దనే అధికారుల సలహా. ఒడ్డున గిలగిల కొట్టుకోనివ్వకుండా తల మీద ఒక్క దెబ్బతో వెంటనే చంపండి. తినొచ్చా అంటే, తినొచ్చు. మట్టి వాసనంటూ ఆస్ట్రేలియన్లు దీన్ని దూరం పెడతారు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. తొలకరి చినుకులకు నేల వాసన వేసేది కూడా దాని వల్లే. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు తయారుచేస్తే చేప కొవ్వులో చేరుతుంది. చర్మం, పక్కన ఎర్రగా కనిపించే కండ తీసేస్తే చాలావరకు పోతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది కాబట్టి చింతపండు పులుసు దీనికి సరైన వంట. ముళ్ళు ఎక్కువే గానీ మోసు తిని పెరిగినవాళ్ళకు అదొక లెక్క కాదు. రౌస్ హిల్‌కు దగ్గరని హాక్స్‌బరీ నదిలో పట్టినదాన్ని మాత్రం, ప్రభుత్వ సలహా చూడకుండా తినొద్దు. రిచ్‌మండ్ వైమానిక స్థావరం చుట్టుపక్కల నీటిలో పీఫాస్ రసాయనాల కాలుష్యం ఉంది. తినని చేపను పెరట్లో కరివేపాకు, గోంగూర మొదళ్ళలో లోతుగా పాతండి. డెనిలిక్విన్‌లో దీనితో ద్రవ ఎరువు చేసి అమ్ముతున్నారు కూడా.

ఇళ్ళలో కోయి పెంచుకునేవాళ్ళకు ఒక మనవి. అవి రంగులు తేలేలా పెంచిన ఈ కుదురు చేపలే. న్యూ సౌత్ వేల్స్‌లో పెంచుకోవడానికి అనుమతి ఉంది, బయట వదలడానికి లేదు. రౌస్ హిల్ పక్కన పారే సెకండ్ పాండ్స్ క్రీక్ కటాయ్ క్రీక్‌లో కలుస్తుంది, అది హాక్స్‌బరీలో కలుస్తుంది. ఇల్లు మారేటప్పుడు కోయిని వాగులో వదలకండి. కొన్న దుకాణానికి ఇచ్చేయండి, లేదా పెంచుకుంటామన్న వాళ్ళెవరికైనా ఇవ్వండి.