చూరు దోనె పూడితే గోడకు చేటు

మిరుగం దగ్గర పడిందంటే రైతు నాగలి చూసుకుంటాడు, విత్తనాలు చూసుకుంటాడు. నిచ్చెన వేసి ఇంటి దోనె చూసుకునేవారు మాత్రం తక్కువ. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో వానకాలం మట్టిగోడలు కూలడానికి గల కారణాలలో ఈ అశ్రద్ధ కూడా ఒకటి.

ఈ ప్రాంతంలో గూన పెంకల ఇండ్లు, బెంగళూరు పెంకల ఇండ్లు నేటికీ ఉన్నాయి. రెండు కప్పుల వాలు కలిసే చోట నీరు పోవడానికి రేకు దోనె అమరుస్తారు. నడుమ వాకిలి ఉన్న పాత భవంతులలో నాలుగు మూలలా ఇలాంటి దోనెలే ఉంటాయి. కప్పు మీద పడిన వాన ఈ జానెడు దారి గుండానే కిందికి దిగాలి.

పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్ల నీరు దిగుతుంది. ఇరవై లీటర్ల బిందెలతో లెక్కిస్తే 50 బిందెలు. ఆదిలాబాద్ వైపు ఏడాదికి సుమారు 100 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. అంటే ఒక్క ఇంటి కప్పు ఏటా లక్ష లీటర్ల నీటిని సాగనంపుతున్నదన్న మాట.

చెత్త ఒక్కసారిగా చేరదు. శివరాత్రి దాటాక వేప ఆకు రాలుతుంది. ఎండకాలంలో టేకు ఆకు తోడవుతుంది. రోహిణిలో లేచే గాలిదుమారం ఆకు, పుల్ల, దుమ్ము కప్పు మీదికి చేరుస్తుంది. వానలు మొదలయ్యాక వేపపండ్లు రాలుతాయి. వీటన్నిటికీ మించి కోతుల బెడద. అవి పగలగొట్టిన పెంక ముక్క దోనెలో అడ్డం పడితే దాని వెనుక ఆకు పేరుకుంటుంది. మొదటి వానకు ముద్దవుతుంది, రెండో వానకు కట్టవుతుంది.

దారి మూసుకున్న నీరు పెంకల కిందుగా వెనక్కి మళ్లి గోడ తలలోకి దిగుతుంది. మట్టిగోడ ఒక్క వానకు కూలదు. ముసురులో లోలోపల నాని, వాన వెలిసిన తర్వాత కూడా కూలవచ్చు. 2022 జూలైలో రోజుల తరబడి ముసురు పట్టి కడెం ప్రాజెక్టుకే ముప్పు వచ్చినప్పుడు ఊళ్లలో పాత ఇండ్లు కూడా దెబ్బతిన్నాయి. గోడ పైభాగాన తడి చార కనిపించినా, గోడ ఉబ్బినా, తలుపు బిగుసుకున్నా ఆ గోడ పక్కన పడుకోరాదు.

డాబా ఇల్లు గలవారు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. తూము మూతికి ఆకు అడ్డుపడితే స్లాబు మీద నీరు నిలిచి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. డెంగీ దోమ నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు దోమగా మారడానికి ఎనిమిది, పది రోజులు చాలు. 2019లో రాష్ట్రంలో డెంగీ విజృంభించి విషయం హైకోర్టు దాకా వెళ్లింది. వారానికొకసారి నిలువ నీరు పారబోయమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. కింద తొట్లు కడిగేవారు సైతం కప్పు మీద నిలిచిన నీటిని మరిచిపోతున్నారు.

దోనె తీయడం ఏడాదికి ఒకసారితో తీరే పని కాదు. రోహిణి కార్తెలో ఒకసారి, మొదటి పెద్దవాన తర్వాత ఒకసారి, పుష్యమిలో వేపపండ్లు రాలిన తర్వాత మరొకసారి తీయాలి. ఎండిన రోజే ఎక్కాలి. తడిసిన పెంకల మీద కాలు పెట్టరాదు. కరెంటు సర్వీసు తీగకు దూరంగా నిచ్చెన వేసి, కింద ఒకరు పట్టుకోవాలి. తడి ఆకులలో తేలు, జెర్రి ఉంటాయి గనుక ముందు కట్టెతో కదిలించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. చెత్తను నీటితో తోస్తే తూములో ఇరుక్కుంటుంది. ఎత్తి బుట్టలో దించి, చివరకు ఒక బిందె నీరు పోసి పారుదల చూసుకోవాలి. తూము మూతికి ఇనుప జాలి పెడితే మేలు. తీసిన ఆకును మోరీలో వేయక పెంటకుప్పలో వేస్తే ఎరువవుతుంది.

అన్నదమ్ములు వేరుపడిన ఇండ్లలో రెండు కప్పుల నడుమ దోనె ఎవరిదన్న పేచీ వస్తున్నది. నీవు తీయమంటే నీవు తీయమని ఇద్దరూ ఊరుకుంటారు. నీరు మాత్రం పాలు చూడదు, రెండు గోడలనూ నానబెడుతుంది. ఒక ఏడు ఒకరు, మరో ఏడు మరొకరు వంతు పెట్టుకుంటే తగాదా ఉండదు.

పట్టేది ఒక పూట పని. కావలసినవి నిచ్చెన, బుట్ట, చీపురు. మట్టిగోడ కూలితే మాత్రం మళ్లీ పెట్టడానికి ఎండకాలం వచ్చేదాకా ఆగవలసిందే.