కిలో రాయికి ఇటు ముప్పై, అటు ముప్పై

మలక్‌పేట గంజ్‌కు పొద్దున్నే వెళ్లినవారికి ముందు కనిపించేవి ఉల్లిగడ్డల బస్తాలు, ఆ వెంటనే వినిపించేవి తూకం అంకెలు. లారీ దిగిన ప్రతి బస్తా కాటా ఎక్కవలసిందే. రైతు నాలుగు నెలల కష్టం ఆ ఒక్క నిమిషంలో ఒక అంకె అయిపోతుంది. అందుకే అతని చూపు మనుషుల మీద కాక కాటా మీదనే ఉంటుంది.

తూకమంటే మనకు తెలిసినవి తులాలు, కిలోలు, క్వింటాళ్లు. అవి దాటితే మన లెక్క ఆగిపోతుంది. పిల్లల సైన్సు పుస్తకంలో ఎలక్ట్రాను ఎంత, సూర్యుడు ఎంత అని రాసినచోట బారులు తీరిన సున్నాలు కనిపిస్తాయి. పిల్లలు వాటిని బట్టీ పడతారు, పెద్దలం పేజీ తిప్పేస్తాము. ఆ సున్నాలను చూసి భయపడనక్కరలేదనీ, అయితే వాటిని అలక్ష్యం చేయడం మాత్రం ప్రమాదమనీ చెప్పడానికే ఈ వ్యాసం.

పద్ధతి చాలా సులువు. ఒక నిచ్చెన ఊహించుకోండి. దాని మధ్యలో ఒక కిలో రాయి పెట్టండి. ఒక మెట్టు ఎక్కితే పది రెట్లు, ఒక మెట్టు దిగితే పదో వంతు. ఇక మనకు కావలసినది మెట్లు లెక్కపెట్టడమే.

బరువు వేరు, ద్రవ్యరాశి వేరు

బయలుదేరే ముందు ఒక్క మాట. వస్తువులో ఉన్న పదార్థం ఎంతో చెప్పేది ద్రవ్యరాశి. దానిని భూమి ఎంత బలంగా లాగుతున్నదో చెప్పేది బరువు. కిలో ఉల్లిగడ్డలను చంద్రుని మీదికి తీసుకెళ్లి స్ప్రింగు కాటాకు తగిలిస్తే ముల్లు ఆరో వంతు దగ్గరే ఆగుతుంది. అదే రెండు పళ్లాల త్రాసులో ఒకవైపు ఉల్లిగడ్డలు, మరోవైపు కిలో రాయి వేస్తే అక్కడ కూడా సమంగానే నిలుస్తుంది. రాయి బరువూ అంతే తగ్గుతుంది గదా! పళ్లాల త్రాసు పోల్చేది ద్రవ్యరాశిని. ఈ వ్యాసంలో వాడుక కోసం బరువు అన్నా, మా ఉద్దేశం అదే.

కిందికి దిగుతూ

మూడు మెట్లు దిగితే గ్రాము. నాలుగో మెట్టు దగ్గర గురిగింజ ఉంటుంది. కంసాలులు పూర్వం బంగారం తూచింది దీనితోనే. 96 గురిగింజలైతే ఒక తులం. ఇప్పుడు దుకాణాల్లో తులమంటే 10 గ్రాములని లెక్కిస్తున్నా పాత తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన గురిగింజ 0.12 గ్రాములు.

గింజలతో తూచడం మన దేశంలోనే కాదు. వజ్రాలు తూచే క్యారెట్ అనే మాట మధ్యధరా ప్రాంతపు కేరబ్ చెట్టు గింజ పేరు నుండి వచ్చింది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పందులు తిన్న పొట్టు ఈ చెట్టు కాయలేనని పండితులు చెబుతారు. ఇప్పుడు క్యారెట్ అంటే సరిగ్గా 0.2 గ్రాములు.

తులం మాట వచ్చింది గనుక గొల్యాతు సంగతి కూడా చూద్దాం. అతని కవచం ఐదువేల తులాలని మన బైబిలులో చదువుతాము. మూలంలోని మాట షెకెలు. తవ్వకాలలో దొరికిన యూదా రాజ్యపు తూకపు రాళ్లను బట్టి షెకెలు సుమారు 11.3 గ్రాములు. అంటే తెలుగు అనువాదకులు ఎంచుకున్న తులం ఇంచుమించు సరిపోయింది. ఆ లెక్కన కవచం 57 కిలోల దాకా ఉంటుంది. యాభై కిలోల ఉల్లిగడ్డల బస్తా, దానిపైన మరో ఏడు కిలోలు ఒంటికి కట్టుకొని యుద్ధానికి వచ్చాడన్నమాట!

మళ్లీ నిచ్చెన దగ్గరకు వద్దాం. ఆరో మెట్టు మిల్లీగ్రాము. దోమ రెండు మిల్లీగ్రాముల ప్రాణి. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద కోసి చూసింది ఇంత ప్రాణినే. దాని పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. తొమ్మిదో మెట్టు మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. పదమూడో మెట్టు దగ్గర మన ఎర్ర రక్తకణం, పదిహేనో మెట్టు దగ్గర బాక్టీరియా, పద్దెనిమిదో మెట్టు దగ్గర కరోనా వంటి వైరస్ ఉంటాయి. మనిషి కరోనా వైరస్‌కంటే ఇరవై మెట్లు పైన ఉన్నాడు. అయినా 2020లో ఆ వైరస్ ప్రపంచాన్నంతా ఇంట్లో కూర్చోబెట్టింది.

ఇంకా దిగితే ఇరవై అయిదో మెట్టు దగ్గర బంగారు పరమాణువు, ఇరవై ఏడో మెట్టు దగ్గర ప్రోటాను, ముప్పయ్యో మెట్టు దగ్గర ఎలక్ట్రాను. కిలో తూగడానికి ఎన్ని ఎలక్ట్రానులు కావాలంటే, 1 పక్కన ముప్పై సున్నాలు పెట్టాలి. న్యూట్రినో ఇంకా కిందనే ఉంది. ఈ కణాల జాడను 1965లో పట్టిన ప్రయోగాలలో ఒకటి మన చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోని కోలారు బంగారు గనుల లోతులో జరిగింది. న్యూట్రినో ఎలక్ట్రానులో పది లక్షలవ వంతు కూడా లేదని జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం 2025లో తేల్చింది. దాని సరైన తూకం మాత్రం ఇంకా ఎవరికీ చిక్కలేదు.

మూడు మెట్లు తప్పితే

ఇవన్నీ శాస్త్రవేత్తల సంగతులు, మా ఇంటికేమి పని అని అనుకోవద్దు. మీ ఇంట్లోని మందుల డబ్బా తీసి చూడండి. జ్వరం మాత్ర మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటుంది. థైరాయిడ్ మాత్ర మీద 25, 50, 100 అని ఉంటుంది గాని అవి మైక్రోగ్రాములు. రెండింటికీ మధ్య మూడు మెట్ల తేడా, అంటే వెయ్యి రెట్లు. యాభై మైక్రోగ్రాములంటే 0.05 మిల్లీగ్రాములు. చీటీలో ఒక చుక్క జరిగినా, ఒక సున్నా ఎక్కువైనా మోతాదు పది రెట్లు మారిపోతుంది. పసిపిల్లల మందుల్లో ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. కాబట్టి అంకెతోపాటు దాని పక్కనున్న మాటను కూడా చదవండి. అనుమానముంటే డాక్టరును గాని మందుల దుకాణం వారిని గాని అడగండి. అడగడం నామోషీ కాదు.

మైక్రోగ్రాముల విలువ తెలియాలంటే మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. ఆయన అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధక బృందం 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. గర్భం దాల్చకముందు నుండే స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు అందితే బిడ్డ వెన్నుపాములో లోపాలు చాలావరకు తప్పుతాయి. రోజుకు అంత చొప్పున తొమ్మిది నెలలకు లెక్క కట్టండి. మొత్తం 0.108 గ్రాములు. ఒక్క గురిగింజ ఎత్తు కూడా కాదు! ఉప్పులోని అయొడిన్ కూడా అలాంటిదే. రోజుకు 150 మైక్రోగ్రాములు చొప్పున డెబ్బై ఏళ్లు బ్రతికిన మనిషికి మొత్తం నాలుగు గ్రాములు చాలు. ఒక చెంచాడైనా కాని ఆ అయొడిన్ అందక ఎన్నో పల్లెలలో గొంతువాపు వచ్చింది, పసివారి తెలివితేటలు కుంటుపడ్డాయి.

పైకి ఎక్కుతూ

ఇప్పుడు కిలో రాయి నుండి పైకి వెళదాం. రెండో మెట్టుకు కొంచెం కింద మనిషి, మూడో మెట్టు మీద టన్ను. మనం ఏమీ లేదనుకునే గాలికి కూడా తూకం ఉంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గదిలోని గాలి సుమారు 33 కిలోలు.

హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం ఒకే రాతిలో చెక్కినది. సుమారు 320 టన్నులని చెబుతారు. అంటే అయిదో మెట్టు దాటింది. 1990 మార్చిలో దానిని తరలిస్తుండగా బార్జి ఒరిగి విగ్రహం నీట మునిగింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ల తర్వాత బయటికి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. 1591 నాటి చార్మినారు సుమారు 14,000 టన్నులని అంచనా. అది ఏడో మెట్టు.

మలక్‌పేట పాతకాపులకు మూసీ వరదల కథలు తాతల నోట విన్నవే. 1908 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలను ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్న నీరు అది. ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గల నీరు ఒక టన్ను. అలాంటి టన్నులు వరుసగా వచ్చి ఢీకొంటే ఏ గోడ నిలుస్తుంది? ఆ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ నిండితే 3.9 టీఎంసీలు, అంటే దాదాపు 11 కోట్ల టన్నులు. పదకొండో మెట్టు. 312 టీఎంసీల నాగార్జునసాగర్‌లో నీరు సుమారు 883 కోట్ల టన్నులు. పదమూడో మెట్టుకు చేరువ.

భూమి చుట్టూ ఉన్న గాలి అంతా పద్దెనిమిదో మెట్టు దాటి ఉంది. సముద్రాల నీరు ఇరవై ఒకటి, చంద్రుడు ఇరవై మూడుకు దగ్గర, భూమి ఇరవై అయిదుకు దగ్గర. సూర్యుడు ముప్పయ్యో మెట్టు దాటి ఉన్నాడు. అంటే 2 పక్కన ముప్పై సున్నాలు కిలోలు.

కింద ముప్పయ్యో మెట్టు దగ్గర ఎలక్ట్రాను, పైన ముప్పయ్యో మెట్టు దగ్గర సూర్యుడు. గంజ్‌లో హమాలీ చేతిలోని కిలో రాయి సరిగ్గా ఆ రెండింటి నడిమధ్యన ఉంది!

భూమిని తూచినవాడు

సరే, భూమిని ఏ కాటా మీద పెట్టి తూచారు? మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవారికి గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి తెలిసే ఉంటుంది. ఆయన హైదరాబాదులో కన్నుమూసినది 1798లో. అదే సంవత్సరం ఇంగ్లాండులో హెన్రీ కావెండిష్ తన ప్రయోగ ఫలితాలు ప్రకటించాడు. ఒక్కొక్కటి 158 కిలోల రెండు పెద్ద సీసపు గుండ్లు, వాటి పక్కన సన్నని తీగకు వేలాడే కడ్డీ, ఆ కడ్డీ చివరల ముప్పావు కిలోకు కాస్త తక్కువైన చిన్న గుండ్లు. పెద్ద గుండు చిన్న గుండును లాగే బలం సుమారు 18 మైక్రోగ్రాముల బరువంత. గదిలో మనిషి ఉంటే ఆ వేడికి కదిలే గాలి కూడా లెక్క చెడగొడుతుందని ఆయన గది తలుపు మూసి, బయటి నుండి దుర్భిణిలో చూశాడు. ఆ చిన్న లాగుడును భూమి లాగుడుతో పోల్చి భూమి నీటికంటే దాదాపు అయిదున్నర రెట్లు చిక్కనిదని లెక్క తేల్చాడు. నేటి లెక్కకు దానికి తేడా నూటికి ఒకటి మాత్రమే.

ఇది గమనించదగిన విషయం. మైక్రోగ్రాముల దగ్గర నిజాయితీగా ఉన్నవాడికే భూమి తూకం చిక్కింది. కొంచెంలో నమ్మకంగా ఉండడం గురించి మనం ఆదివారాలు వింటూనే ఉంటాము. అది ప్రయోగశాలలో కూడా నిజమే.

కిలో రాయికే లోపం వస్తే

ఇంతకీ కిలో ఎంత అని చెప్పేది ఎవరు? 1889 నుండి పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం, ఇరిడియం కలిసిన ఒక దిమ్మె ప్రపంచానికంతటికీ కిలో. దాని నకళ్లలో 57వ నంబరుది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. మన దేశంలో 1956 నాటి చట్టంతో సేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. అయితే సుమారు నూరేళ్ల తర్వాత దిమ్మెను, నకళ్లను పోల్చి చూస్తే 50 మైక్రోగ్రాముల దాకా తేడా కనిపించింది. ఒక వేలిముద్రలోని జిడ్డంత. అంత చిన్న తేడాను కూడా శాస్త్రవేత్తలు దాచిపెట్టలేదు, పోనీలే అనలేదు. 2019 మే 20 నుండి దిమ్మెను పక్కనపెట్టి, ఎక్కడైనా ఎప్పుడైనా మారని ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి కొలతతో కిలోను నిర్వచించారు.

మరి మన కాటాల సంగతి? బస్తాకు వంద గ్రాములు తక్కువ చూపే కాటా పది వేల బస్తాల మీద వెయ్యి కిలోలు మింగుతుంది. రైతుకు ఆ వంద గ్రాములు కనబడవు, ఇంటికి వెళ్లాక డబ్బులో మాత్రం తెలుస్తాయి. దొంగ తూకపు రాళ్లను దేవుడు అసహ్యించుకుంటాడని సామెతల గ్రంథం చెప్పినది ఇందుకే. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, దాని గడువు తీరలేదా అని చూసే హక్కు కొనేవారికీ అమ్మేవారికీ ఉంది.

ఈ సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకొని ఒక కాగితం మీద నిచ్చెన గీయండి. మధ్యలో కిలో రాయి పెట్టి, కిందికి దోమ, మాత్రలోని మందు, వైరస్, పైకి నాన్న, చార్మినారు, ఉస్మాన్‌సాగర్, చంద్రుడు ఎక్కడ పడతాయో వారితోనే పెట్టించండి. ఒక గంటలో సున్నాల భయం పోతుంది. నిచ్చెన అయ్యాక మందుల డబ్బా తెరిచి, ప్రతి మాత్ర మీది అంకెనూ దాని పక్కనున్న మాటనూ పెద్దగా చదివించండి.